పట్టు బిగిసే చోట

ఈ అధ్యాయం తెరిచిన వారిలో కొందరి గదిలో ఆ వస్తువు ఇప్పటికే ఉండవచ్చు. బట్టల అడుగునో, బ్యాగు లోపలి అరలోనో. పీవీసీ పైపు ముక్క, రెండు పొడవాటి బోల్టులు, షూలేసుతో చేసిన ఉచ్చు. లేదంటే సైకిల్ ట్యూబు కోసి చేసిన పట్టీ, దాని చివర వేలాడే నీళ్ల సీసా. వీడియో చూసి, గది తలుపు గడియ వేసుకుని చేసుకున్నది. పురుషాంగాన్ని రోజూ లాగి ఉంచితే కొన్ని నెలల్లో పొడవు పెరుగుతుందన్న ఆశతో వాడుతున్నది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ ఆశ వెనక ఎంత బెంగ ఉంటుందో, దాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఎన్నేళ్లు లోపలే దాచుకుని ఉంటారో ఊహించగలను. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారి లైంగిక సందేహాల శీర్షిక చదువుతూ పెరిగిన తరానికి ఈ బెంగ కొత్తేమీ కాదు. కొత్తగా వచ్చిందల్లా ఫోన్‌లో దొరికే తయారీ విధానాలు. అవి పైపు ఎంత పొడవు కోయాలో చెబుతాయి. రక్తం ఎక్కడ ఆగుతుందో చెప్పవు.

చాలామంది బరువు మీదే దృష్టి పెడతారు. తక్కువ బరువుతో మొదలుపెడితే, నొప్పి పుట్టగానే ఆపేస్తే ఏమీ కాదనుకుంటారు. ఆ జాగ్రత్త నిజమైనదే, కానీ తప్పు చోట పెట్టినది. అసలు గండం ముందుగా వచ్చేది పట్టు దగ్గర నుంచి.

ఎందుకో తెలియాలంటే లోపలి నిర్మాణం కొంచెం తెలియాలి. పురుషాంగంలో ఎముక లేదు. వ్యాయామం చేస్తే పెరిగే చేతికండ లాంటిదీ లేదు. పక్కపక్కనే రెండు స్పాంజి గొట్టాలు, వాటి అడుగున మూత్రనాళాన్ని చుట్టుకుని మూడోది ఉంటాయి. పై రెండు గొట్టాలనూ ఒక గట్టి పొర కప్పి ఉంచుతుంది. వైద్యులు దాన్ని ట్యూనికా అల్బుజీనియా అంటారు. అంగం మెత్తగా ఉన్నప్పుడు ఆ పొర మందం సుమారు 2 మిల్లీమీటర్లు. గట్టిపడినప్పుడు సాగి అర మిల్లీమీటరుకో, అంతకన్నా తక్కువకో పలచబడుతుంది. దానిపైన, చర్మం కిందనే, అంగం పైవైపున సిరలు, ధమనులు, స్పర్శ తెలిపే నరాలు నడుస్తాయి. వాటికి కొవ్వు రక్షణ గానీ కండ రక్షణ గానీ దాదాపు లేదు. ఉచ్చు బిగించేది సరిగ్గా వాటి మీదే.

ఇక పట్టు సంగతి. లాగాలంటే ముందు పట్టుకోవాలి. అంగం చర్మం వదులుగా, జారుగా ఉంటుంది. అరకిలో బరువు కట్టినా ఉచ్చు జారిపోకుండా నిలవాలంటే అది అంగం తల వెనక ఉన్న సన్నటి గాడిలో గట్టిగా కూర్చోవాలి. బరువు పెంచితే ఉచ్చు ఇంకా బిగుస్తుంది. జారిపోతోందని మీరే మరో చుట్టు చుడతారు. అంటే లాగుడు ఎంత పెరిగితే నొక్కుడు అంత పెరుగుతుంది. ఇంట్లో దొరికే తాడుతో, రబ్బరుతో, ప్లాస్టరుతో ఈ రెంటినీ విడదీయడం కుదరదు. బట్ట చుట్టినా, స్పాంజి పెట్టినా నొక్కుడు కొంచెం పరుచుకుంటుందే గానీ పోదు.

రక్త పరీక్షకు వెళ్తే ల్యాబులో జబ్బకు పట్టీ కడతారు, కింద సిరలు ఉబ్బుతాయి. సిరల గోడలు పలచన, వాటిలో ఒత్తిడి తక్కువ, అందుకే పైనుంచి నొక్కగానే ముందు అవే మూసుకుంటాయి. ధమనులు అప్పటికింకా తెరిచే ఉంటాయి. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. అంగంలోనూ ఇదే జరుగుతుంది. ఉచ్చుకు ముందున్న తల భాగం ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ ఉచ్చు మరింత బిగుస్తుంది, బిగిసేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. ఒక దశ దాటాక ధమని కూడా మూసుకుంటుంది. అక్కడి నుంచి కణజాలానికి ప్రాణవాయువు అందదు.

అదే సమయంలో జరిగే మరో సంగతి వల్లే నాకు ఈ అధ్యాయం రాయక తప్పదనిపించింది. నొక్కుడు నరాల మీద కూడా పడుతుంది కదా. కాసేపటికి నరం మొద్దుబారుతుంది. అప్పటిదాకా ఉన్న నొప్పి తగ్గిపోతుంది. వాడుతున్న వ్యక్తి అలవాటు పడ్డాననుకుని ఊపిరి పీల్చుకుంటాడు. నొప్పి పుడితే ఆపేస్తానని మీకు మీరు పెట్టుకున్న నియమం సరిగ్గా ఆపవలసిన వేళకే పనిచేయదు. షుగరు ఉన్నవారిలో నరాల స్పర్శ ముందే తగ్గి ఉండవచ్చు, వారికి మొదటి హెచ్చరిక కూడా అందకపోవచ్చు. మద్యం తాగి వాడినా అంతే.

అందుకే నొప్పిని కొలతగా పెట్టుకోకండి. రంగు చూడండి, వేడి చూడండి. తల భాగం ముదురు ఊదారంగుకో, నీలానికో తిరిగినా, తెల్లగా పాలిపోయినా, ముట్టుకుంటే చల్లగా తగిలినా, తిమ్మిరెక్కినా రక్తం ఆడటం లేదని అర్థం. ఇంకో పది నిమిషాలు చూద్దామనుకోవద్దు. అప్పుడే తీసేయాలి.

రాత్రి పెట్టుకుని పడుకోవడం మరీ ప్రమాదం. ఎక్కువ గంటలు ఉంచితే ఎక్కువ ఫలితం అన్న లెక్కతో కొందరు ఇది చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న మగవారికి నిద్రలో, కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు అంగస్తంభన జరుగుతుంది. కోరికతో పని లేదు, శరీరం తనంతట తానే చేసే పని అది. మెత్తగా ఉన్నప్పుడు సరిపోయిన ఉచ్చు ఆ సమయంలో కోసుకుపోయేంత బిగుతు అవుతుంది. మెలకువ వచ్చేసరికి వాపు ఎంతగా ఉండవచ్చంటే ఉచ్చు ఎక్కడుందో కనిపించదు, వేలు దూర్చడానికి సందు ఉండదు.

సున్తీ చేయించుకోని వారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. తల వెనక పట్టు కుదరాలని ముందు చర్మాన్ని వెనక్కి లాగి, దాని మీద ఉచ్చు వేస్తారు. తీశాక ఆ చర్మం వాచిపోయి ముందుకు రాకుండా అక్కడే ఇరుక్కుంటే, ఉచ్చు తీసేసినా చర్మమే ఉచ్చులా బిగుస్తుంది. దీన్ని పారాఫైమోసిస్ అంటారు. ఇది కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితే. పరికరం తీసేశాం కదా, ఉదయానికి తగ్గుతుందిలే అని పడుకుంటే పరిస్థితి ముదురుతుంది.

లోహపు వస్తువుల గురించి గట్టిగా చెప్పాలి. బేరింగులు, నట్లు, ఇనుప వాషర్లు, గట్టి ప్లాస్టిక్ సీసా మెడలు ఎప్పుడూ, ఏ కారణానికీ వాడకండి. వాపు వచ్చాక అవి జారవు, తెగవు. వాటిని కోయడానికి ఆసుపత్రుల్లో ఎముకలకో, పళ్లకో వాడే కట్టర్లు తెప్పించుకోవలసి వస్తుంది. కోసేటప్పుడు పుట్టే వేడికి చర్మం కాలకుండా నీళ్లు పోస్తూ, మత్తు ఇచ్చి చేసే పని అది.

ఇలాంటి గాయాలను తీవ్రతను బట్టి ఐదు దశలుగా విడదీసిన పద్ధతి ఒకటి 1991లో మన దేశపు వైద్యుల నుంచే వచ్చింది. భట్, ఆయన సహచరులు రాసిన పద్ధతి అది, ఇతర దేశాల వైద్యులూ వాడుతున్నారు. మొదటి దశలో వాపు మాత్రమే ఉంటుంది. తర్వాత చర్మం తెగి స్పర్శ తగ్గుతుంది. ఆపైన మూత్రనాళం దెబ్బతింటుంది. నాలుగో దశలో నాళానికి చిల్లు పడి మూత్రం పక్క నుంచి కారవచ్చు. ఐదోది కుళ్లిపోవడం, అంగం కోల్పోవడం. మొదటి దశలో వచ్చినవారు దాదాపు పూర్తిగా కోలుకుంటారు. మొదటి దశకూ ఐదో దశకూ మధ్య దూరం చాలాసార్లు గడిచిపోయిన గంటలే. సిగ్గుపడి ఇంట్లో కూర్చున్న గంటలు.

రక్తం ఆగకపోయినా, ఏ రోజుకారోజు బాగానే ఉన్నట్టు కనిపించినా, నెలల తరబడి లెక్కలేని లాగుడు మరో రకంగా దెబ్బతీయవచ్చు. పైన చెప్పిన గట్టి పొరలో చిన్న చిన్న చిరుగులు పడితే అవి మానేటప్పుడు మచ్చ కడుతుంది. మచ్చకు సాగే గుణం ఉండదు. అంగం గట్టిపడినప్పుడు మిగతా పొర సాగి ఆ చోటు సాగక అటువైపు వంగిపోతుంది, నొప్పి పుడుతుంది, పొడవు తగ్గుతుంది. 1743లో ఫ్రాన్స్ రాజు 15వ లూయీ శస్త్రవైద్యుడు ఫ్రాన్స్వా ద లా పెయిరోనీ వర్ణించిన జబ్బు ఇలాగే ఉంటుంది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పెయిరోనీ జబ్బు అంటున్నారు. దానికి గాయమొక్కటే కారణం కాదు. అయినా పొడవు కోసం చేసే పనితో పొడవు తగ్గే మచ్చను కోరి తెచ్చుకోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

గాలి లాగేసే ఇంటి పంపుల సంగతికి వస్తే, ఇక్కడ ఒక నిజమైన కథ ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన గెడింగ్స్ ఆస్బన్ టైర్ల వ్యాపారి. 1960లలో తన అంగస్తంభన సమస్యకు తానే ఒక వాక్యూమ్ పంపు తయారు చేసుకున్నాడు. 1982లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని అమ్మకానికి అనుమతి ఇచ్చింది. కాబట్టి ఇంట్లో పుట్టిన ఆలోచన వైద్యంలోకి రావడం అసాధ్యం కాదు. అయితే ఈనాటి వైద్య పంపులో ఒత్తిడి ఒక హద్దు దాటితే గాలిని తనంతట తానే వదిలేసే కవాటం ఉంటుంది. స్తంభన నిలపడానికి పెట్టే రింగును 30 నిమిషాలకు మించి ఉంచవద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు, సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ముట్టుకోవద్దని ఉంటుంది. పైగా అది స్తంభన కోసం చేసిన పరికరం, పొడవు పెంచడానికి కాదు. సీసాకు ట్యూబు తగిలించి, సిరంజితోనో, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ యంత్రంతోనో గాలి లాగితే ఆ హద్దు ఏదీ ఉండదు. చర్మం కింద రక్తపు చుక్కలు, పొక్కులు, నెత్తురు గడ్డలు వస్తాయి. వాక్యూమ్ యంత్రం వల్ల తీవ్రంగా గాయపడిన కేసులు వైద్య గ్రంథాల్లో ఎన్నో ఉన్నాయి.

లాగే పరికరాలు వైద్యంలో లేవా అంటే ఉన్నాయి. పెయిరోనీ జబ్బుకు, కొన్ని శస్త్రచికిత్సల తర్వాత, కొందరు యూరాలజిస్టులు వాటిని వాడమంటారు. లాగే బలాన్ని స్ప్రింగుతో కొలిచి పెడతారు. ఎన్నో పరికరాల్లో అది 600 నుంచి 1500 గ్రాముల మధ్య ఉంటుంది. ముందు వైద్యుడు పరీక్ష చేస్తాడు, మధ్యలో మళ్లీ చూస్తాడు. నిద్రలో పెట్టుకోనివ్వరు. ఇంత చేసినా వచ్చేది ఎంత? 2009లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో రోజుకు కనీసం 4 గంటల చొప్పున 6 నెలలు వాడినవారిలో మెత్తగా ఉన్నప్పటి పొడవు సగటున 2 సెంటీమీటర్ల పైచిలుకు పెరిగింది, చుట్టుకొలత చెప్పుకోదగినంత మారలేదు. దీన్ని దాచడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే దాస్తే మీరు ఇంకెవరి దగ్గరో సగం నిజం వింటారు. అది కొలిచిన బలంతో, వైద్యుల కళ్లముందు, వందల గంటలకు వచ్చిన ఫలితం. దాన్ని చూపించి పైపు ముక్కతో అదే వస్తుందనడం మోసం.

ఇప్పుడు ఆ బెంగ గురించే మాట్లాడుకుందాం.

2015లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు వేర్వేరు దేశాల్లో వైద్య సిబ్బంది స్వయంగా కొలిచిన 15,521 మంది కొలతలను ఒకచోట చేర్చారు. మెత్తగా ఉన్నప్పుడు సగటు పొడవు 9.16 సెంటీమీటర్లు, గట్టిపడినప్పుడు 13.12. అంటే ఐదు అంగుళాల పైచిలుకు. నీలి వీడియోల్లో చూసి మనసులో పెట్టుకున్న కొలతకూ దీనికీ పొంతన ఉండదు. ఆ వీడియోలకు మనుషులను ఎంచుకునేదే ఆ కొలత చూసి.

కొలిచే పద్ధతి కూడా తెలుసుకోండి. స్కేలును అంగం పైవైపున, పొత్తికడుపు కింద ఎముకకు తగిలేదాకా కొవ్వును నొక్కి పెట్టి కొలవాలి. పొట్ట ఉన్నవారిలో ఒకటి రెండు సెంటీమీటర్లు కొవ్వులో దాగిపోతాయి. బరువు తగ్గితే అవి బయటపడతాయి, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. పైనుంచి కిందికి చూస్తే ఎవరిదైనా పొట్టిగానే కనిపిస్తుంది. హాస్టల్లో స్నానాల దగ్గర పక్కవాడిది చూసింది పక్కనుంచి, మీది చూసుకునేది పైనుంచి. మెత్తగా ఉన్నప్పుడు చిన్నగా ఉన్నవి గట్టిపడినప్పుడు తరచూ ఎక్కువ పెరుగుతాయి కాబట్టి ఆ పోలికకు విలువే లేదు. చలికి, భయానికి ముడుచుకుపోవడం కూడా మామూలే.

2002లో ఇటలీలో, పొడవు పెంచే శస్త్రచికిత్స కావాలని వచ్చిన 67 మందిని కొలిచి చూశారు. వైద్యం ప్రకారం చిన్నదనదగిన అంగం వారిలో ఒక్కరికీ లేదు. బెంగ చాలామందికి చిన్నతనంలో స్నేహితులతో పోల్చుకున్నప్పుడే మొదలైంది. 2006లో అమెరికాలో వచ్చిన పెద్ద సర్వేలో, తమ భాగస్వామి పరిమాణంతో తృప్తిగా ఉన్నామన్న స్త్రీలు 85 శాతం. తమ పరిమాణంతో తృప్తిగా ఉన్న మగవారు 55 శాతమే. ఈ 30 శాతం తేడా పడగ్గదిలో పుట్టింది కాదు, మగవాడి తలలో పుట్టింది.

నిజంగానే వైద్యం అవసరమైనవారు లేరని కాదు. లాగి కొలిచినా 7.5 సెంటీమీటర్ల లోపే ఉంటే, అంగం వంగి నొప్పి పుడుతుంటే, ఉన్న పొడవు తగ్గుతోందనిపిస్తే, ముందు చర్మం వెనక్కి రాకపోతే యూరాలజిస్టును కలవండి. కొలత మామూలుగా ఉన్నా రోజులో గంటల తరబడి ఇదే ఆలోచన నడుస్తుంటే, పెళ్లి సంబంధం అనగానే తప్పించుకుంటుంటే, అది మనసుకు సంబంధించిన బాధ. దానికీ మంచి చికిత్స ఉంది. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు.

గోడల మీద, రైలు పట్టాల పక్కన కనిపించే గుప్తరోగ ప్రకటనల జోలికి పోకండి. లైంగిక అవయవం పరిమాణం, ఆకారం మెరుగుపరుస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని మన ఔషధ నిబంధనల జె షెడ్యూలు అంటుంది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. నూనెలు, పారఫిన్ వంటివి ఇంజెక్షనుగా ఎక్కించుకోవడం అన్నిటికన్నా ఘోరం. లోపల గడ్డలు కట్టి, చర్మం కుళ్లి, చివరికి ఆ భాగాన్ని కోసి తీసేయవలసి రావచ్చు.

ఇరుక్కుపోతే

ఈ భాగం మీకు ఎప్పటికీ అవసరం రాకూడదని కోరుకుంటున్నాను. అయినా ఒకటికి రెండుసార్లు చదవండి.

ముడి విప్పగలిగితే, పట్టీ వదులు చేయగలిగితే వెంటనే చేయండి. ఒక్క ప్రయత్నంలో రాకపోతే ఇక దానితో పెనుగులాడవద్దు. బ్లేడు, కత్తి, రంపం వాడకండి, వాపులో ఎక్కడ రబ్బరు ఉందో ఎక్కడ చర్మం ఉందో కనిపించదు. ఐసు నేరుగా పెట్టకండి, నొప్పి బామ్ రాయకండి. ఏమీ తినకండి, తాగకండి, మత్తు ఇవ్వవలసి రావచ్చు. దగ్గరలో క్యాజువాల్టీ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. వాహనం లేకపోతే 108.

పరికరం తీసేశాక కూడా మూత్రం రాకపోతే, మూత్రంలో నెత్తురు కనిపిస్తే, రంగు మామూలుకు రాకపోతే, 4 గంటలు దాటినా స్తంభన దిగకపోతే అదే రోజు వెళ్లాలి. లాగుతుండగానో, స్తంభనలో ఉండగా వంచినప్పుడో టప్‌మని శబ్దం వచ్చి వెంటనే మెత్తబడి వాచిపోతే లోపలి గట్టి పొర చిట్లిందని అర్థం, అది కూడా ఆపరేషన్ అవసరమయ్యే అత్యవసర పరిస్థితే. వారం తర్వాత కూడా స్పర్శ తక్కువగా ఉంటే అలవాటైందని వదిలేయకండి, చూపించుకోండి.

క్యాజువాల్టీ కౌంటరు దగ్గర అందరిముందూ కథంతా చెప్పనక్కర్లేదు. 'మూత్రం పోసే చోట ఒకటి ఇరుక్కుంది, రక్తం ఆడట్లేదు, యూరాలజీ డాక్టరు కావాలి' అంటే చాలు. లోపల డాక్టరుతో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ వస్తువు, ఎప్పుడు పెట్టారు, ఎన్ని గంటలైంది, షుగరు ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా. గంటల సంఖ్య తక్కువ చేసి చెప్పకండి, ఏ చికిత్స చేయాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. అత్యవసర విభాగంలో పనిచేసేవారు ఇలాంటివి చూసే ఉంటారు. మీ విషయాన్ని బయట చెప్పకపోవడం వారి వృత్తి ధర్మం.

ఈ మాట భార్యలకు, అన్నదమ్ములకు, గదిలో కలిసుండే స్నేహితులకు. ఒక మగవాడు అర్ధరాత్రి వచ్చి, మాట తడబడుతూ, ఆసుపత్రికి తోడు రమ్మంటే ఏమైందని గుచ్చి అడగకండి, నవ్వకండి. చెప్పులేసుకుని బయల్దేరండి. అడగవలసినవి తర్వాత అడగవచ్చు.